ఉచితంగా వచ్చినదానికి బాకీ ఎవరికి?

విజయవాడ ఆటోనగర్‌లో కొట్టు, పటమటలోనో కానూరులోనో ఇల్లు ఉన్న మధ్యతరగతి కుటుంబాల్లో ఒక పాత కంప్యూటరు ఉండటం మామూలే. కొని ఎనిమిది తొమ్మిదేళ్లవుతుంది. నాలుగు జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్కు. పగలు స్పేర్ పార్టుల లెక్కలు, రాత్రి పిల్లల చదువు. యంత్రానికి రోగమేమీ లేదు. కానీ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. నమోదు చేసుకున్న ఇళ్లకు ఇచ్చిన పొడిగింపు ఏడాదికే. విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరానికి తగ్గకూడదు. ఈ పాతదానికి ఆ యోగ్యత లేదు. మిగిలిన దార్లు మూడు: అప్పో సప్పో చేసి కొత్తది కొనడం, వీధి చివరి షాపులో కొద్ది వందలిచ్చి క్రాక్ చేసిన విండోస్ వేయించుకోవడం, తెలిసిన కుర్రాణ్నెవరినైనా బతిమాలి లినక్స్‌కు మారడం. పైకి ఇది డబ్బు లెక్కే. మూడోది చవక గనక అదే పట్టుకోమని సలహా చెప్పి ఊరుకోవచ్చు. అయితే ఆ చవకలోనే ఒక పాత ధర్మసందేహం ఉంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసి ఊరికే ఇచ్చినదాన్ని, మరొకరు ఊరికే వచ్చి ఎక్కించి పెడితే వాడుకున్నవాడు ఎవరికైనా బాకీ పడతాడా? పడితే ఎవరికి, ఎలా తీర్చాలి? పడతాడనే నేనంటాను. ఇచ్చినవాడికి మాత్రం పడడు. ఆ బాకీ వెనక్కి చెల్లేది కాదు; నేర్చుకుని ముందువాడికి అందించినప్పుడే చెల్లుతుంది. తీసుకుని అక్కడితో ఆగినవాడు దొంగ కాకపోవచ్చు గానీ బాకీదారే.

ముందు రెండో దారి సంగతి తేల్చాలి. మన ఊళ్లలో లినక్స్‌కు అసలు పోటీ కొత్త కంప్యూటరుతో లేదు, క్రాక్ చేసిన విండోస్‌తోనే ఉంది. దాన్ని దొంగతనమంటే చాలామంది ఒప్పుకోరు, వాళ్ల వాదన తీసిపారేసేదీ కాదు. లారీ కింద నుంచి స్టెప్నీ ఎత్తుకుపోతే ఓనరుకు స్టెప్నీ ఉండదు. సాఫ్ట్‌వేర్‌కు నకలు తీస్తే కంపెనీ దగ్గర ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, మరి పోయిందేమిటంటారు. యోగసూత్రాల యమాల్లో అస్తేయం, అంటే దొంగిలించకపోవడం, ఉంది. బౌద్ధుల పంచశీలంలో రెండోది, ఇవ్వనిదాన్ని తీసుకోకుండా ఉండటం. ఈ బౌద్ధుల మాట మరీ కట్టుదిట్టమైనది. సొంతదారుకు నష్టం వచ్చిందా అని అడగదు, అతను ఇచ్చాడా లేదా అనే అడుగుతుంది. ఆ లెక్కన క్రాక్ కాపీ తప్పే. కానీ అదే సంప్రదాయంలోని పాళీ వ్యాఖ్యాతలు ఆ శీలం చెడటానికి ఐదు అంగాలు పూర్తి కావాలన్నారు: వస్తువు ఇతరులది కావాలి, ఆ సంగతి తెలిసి ఉండాలి, దొంగబుద్ధి ఉండాలి, ప్రయత్నం జరగాలి, చివరికి వస్తువు ఉన్నచోటు నుంచి కదలాలి. నకలు విషయంలో మొదటి నాలుగూ కుదిరినా ఐదో దగ్గర పట్టు జారుతుంది, అక్కణ్నుంచి ఏదీ కదల్లేదు గనక. ఆ వ్యాఖ్యాతలకు హార్డ్ డిస్కు సంగతి తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు లెండి. ఏదేమైనా, ఇది దొంగతనం కాదనేవాళ్ల పక్షాన శాస్త్రం కొంతైనా ఉందని ఒప్పుకోవాలి.

నా ఉద్దేశంలో ఇక్కడ దెబ్బతినేది అస్తేయం కన్నా ముందు సత్యం. క్రాక్ పనిచేసే తీరు చూడండి. పెద్ద ఆఫీసులు వందల కంప్యూటర్లకు ఒకేసారి విండోస్ కొన్నప్పుడు, తమ ఆవరణలోనే ఒక లైసెన్సు సర్వరు పెట్టుకునే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ చేసింది. ఆఫీసులోని ప్రతి కంప్యూటరూ దాన్ని పలకరించి 180 రోజులకు అనుమతి తెచ్చుకుంటుంది. బాగా చలామణీలో ఉన్న ఒక రకం క్రాక్ ఆ సర్వరు వేషం కడుతుంది. ఇంటి మూల బల్ల మీదున్న పెట్టె తానేదో పెద్ద సంస్థలో ఉన్నాననీ, యజమాని డబ్బు కట్టేశాడనీ నమ్ముతుంది. ఆ నమ్మకం చెడకుండా ఉండటానికి యాంటీవైరస్‌ను ఆపేయమంటారు. కొట్టు లెక్కలు, బ్యాంకు పాస్‌వర్డు, పిల్లల ఫొటోలు ఉండే చోట ఒక అబద్ధాన్ని పునాదిగా వేసి, ఆ అబద్ధమాడేవాడు ఎవడో కూడా తెలియకుండా వాడికి ఇంటి తాళాలు అప్పజెప్పడం ఇది. ఎవరికీ నష్టం లేదన్న మాట ఇక నిలవదు, మొదటి నష్టం వేయించుకున్నవాడికే. చట్టం సంగతికొస్తే, 1957 కాపీరైట్ చట్టంలో 63బి సెక్షను, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటరులో వాడినవాడికి 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా అంటుంది. లాభం కోసం, వ్యాపారం కోసం కాదని తేలితే జైలు లేకుండా జరిమానాతో వదిలే వీలుంది. చట్టానికి జడిసి మానుకున్నదాన్ని ధర్మం ఖాతాలో రాసుకోలేం కాబట్టి ఆ చర్చ ఇక్కడ అనవసరం.

మూడో దారిలో దొరికేది ఎలా పుట్టిందో చూడాలి. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటరు ఇచ్చింది. పాత ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే వాడుతున్నవాళ్లందరికీ కబురు వెళ్లేలా అక్కడి ప్రోగ్రామరు రిచర్డ్ స్టాల్‌మన్ దాని ప్రోగ్రామును సవరించి ఉన్నాడు. కొత్తదానికీ అదే చేద్దామంటే మూల ప్రోగ్రాము లేదు. అది ఉన్న మరో విశ్వవిద్యాలయపు పరిశోధకుణ్ని అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాటిచ్చానన్నాడు. ఆ మనిషి తనకొక్కడికే సాయం నిరాకరించలేదనీ, లోకంలో ఎవ్వరికీ సాయం చేయనని ముందే ఒట్టు పెట్టుకున్నాడనీ స్టాల్‌మన్‌కు తోచింది. 1983 సెప్టెంబరులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించడానికీ, 1989లో జీపీఎల్ అనే లైసెన్సు రాయడానికీ వెనక ఈ కోపం ఉంది. 1991 ఆగస్టులో హెల్సింకిలో చదువుకుంటున్న లినస్ తోర్వాల్డ్స్ తన కెర్నెల్ సంగతి బయటపెట్టాడు. కెర్నెల్ అంటే ఏమిటో ఆటోనగర్‌లో చెప్పడం తేలిక. లారీ కంపెనీ నుంచి చాసిస్‌గా వస్తుంది: ఇంజను, చట్రం, చక్రాలు. ధాన్యానికి ఒక తీరు, ఇసుకకు ఒక తీరు బాడీని ఇక్కడి షెడ్లలో కడతారు. లినక్స్ కెర్నెల్ ఆ చాసిస్. డెబియన్, ఉబుంటు, మింట్ దాని మీద వేర్వేరు షెడ్లు కట్టిన బాడీలు. పాత కంప్యూటరుకు మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికరకం సరిపోతుంది. ఇక్కడ చాసిస్‌ను కూడా విప్పి చూడొచ్చు, మార్చొచ్చు, నకలు తీసి పక్కవాడికివ్వచ్చు.

దీన్ని దానమనవచ్చా? ధర్మశాస్త్ర నిబంధకారుల లెక్క ప్రకారం దానమంటే ఇచ్చేవాడి స్వత్వం పోవాలి, పుచ్చుకునేవాడి స్వత్వం ఏర్పడాలి. దానమిచ్చిన ఆవు తిరిగి తన మందలో కలిసిపోతే, తెలియక దాన్నే మళ్లీ ఇంకొకరికి దానమిచ్చి ఊసరవెల్లి అయిన నృగ మహారాజు కథ ఈ నియమానికి ఎంత పట్టింపు ఉండేదో చెబుతుంది. విద్య ఈ లెక్కలో ఇమడదు. చెప్పినవాడి దగ్గర అది అలాగే ఉంటుంది, వాడి స్వత్వం ఎక్కడికీ పోదు. అందుకేనేమో పురాణాలు, దాన గ్రంథాలు విద్యాదానాన్ని చాలాచోట్ల గ్రంథం రాయించి ఆ ప్రతిని ఇవ్వడంగా వర్ణించాయి. తాటాకుల కట్ట చేతులు మారింది, దానం కుదిరింది. ఇచ్చేకొద్దీ పెరిగేది విద్య అన్న సుభాషితం మన బళ్ల గోడల మీద కనబడుతూనే ఉంటుంది గానీ అది సగం సంగతే. తరగనిదాన్ని ఇచ్చినవాడు వదులుకున్నదేమిటో అది చెప్పదు. స్టాల్‌మన్, తోర్వాల్డ్స్ వదులుకున్నది ఇతరులను ఆపే అధికారాన్ని. కాపీరైట్ రాసినవాడికి ఇచ్చేది ప్రధానంగా ఆ అధికారమే. జీపీఎల్ దాన్ని ఊరికే గాలికి వదిలేయదు. వదిలేస్తే ఎవడో వచ్చి కంచె కట్టుకుంటాడు. అదే చట్టాన్ని ఆసరా చేసుకుని షరతు పెడుతుంది: వాడుకో, మార్చుకో, అమ్ముకో; ఇంకొకరికి ఇచ్చేటప్పుడు నీకు దక్కిన స్వేచ్ఛలన్నీ వాళ్లకూ దక్కాలి.

షరతు ఉన్నది దానమెలా అవుతుందని అడగవచ్చు. భగవద్గీత పదిహేడో అధ్యాయం తిరిగి ఉపకారం చేయనివాడికి ఇచ్చేది సాత్త్విక దానమనీ, ప్రత్యుపకారం కోరి ఇచ్చేది రాజసమనీ అంటుంది. అలాంటప్పుడు పుచ్చుకున్నవాడికి బాకీ అంటగడితే ఆ దానం చెడిపోదా? ఈ వాదనకు ఎదురయ్యే ప్రశ్నల్లో గట్టిది ఇదే. దీనికి జవాబు గీతకు ముందే ఉంది. తెలుగునాట వైదికులు ఎక్కువగా చదివే కృష్ణయజుర్వేదంలోని తైత్తిరీయ సంహిత, బ్రాహ్మణుడు పుడుతూనే మూడు ఋణాలతో పుడతాడంటుంది: ఋషులకు, దేవతలకు, పితరులకు. తీర్చే పద్ధతే గమనించదగ్గది. దేవతల అప్పు యజ్ఞంలో దేవతలకే ముడుతుంది. ఋషులకు మాత్రం తిరిగి ముట్టేదేమీ లేదు. బ్రహ్మచర్యంలో ఉండి చదువుకుంటే అదే చెల్లు. పితరుల అప్పూ అంతే, తండ్రికి తిరిగి ఇచ్చేది లేదు, బిడ్డను కని పెంచాలి. అప్పిచ్చిన చెయ్యి ఒకటి, చెల్లు అందుకునే చెయ్యి ఇంకొకటి. గీత ఇచ్చేవాణ్ని మరిచిపొమ్మంటుంది. ఋణాల మాట పుచ్చుకున్నవాణ్ని మరవొద్దంటుంది. ఒకే లావాదేవీని ఇద్దరు రెండు పద్దు పుస్తకాల్లో రాసుకుంటున్నారు, ఒకరి పుస్తకంలో సున్నా ఉంది గనక రెండోవారి పుస్తకంలోనూ సున్నాయే ఉండాలని లేదు. జీపీఎల్ కూడా నాకు తిరిగి ఇమ్మని ఎక్కడా అడగదు, ముందుకు ఎలా ఇవ్వాలో మాత్రమే చెబుతుంది. దేవుణ్ని నమ్మనని చెప్పుకునే స్టాల్‌మన్ ఋషిఋణం సంగతి తెలిసి రాశాడని ఎవరూ అనరు. ఇచ్చినా తరగని వస్తువు ఎక్కడ చేతులు మారినా బాకీ ఈ దిక్కుగానే నడవాల్సి వస్తుందనే నేననేది.

లోకం తెలిసినవాళ్లు ఇంకో మాట అంటారు. లినక్స్ ఇప్పుడు దాతలు రాసేది కాదు. కెర్నెల్‌లోకి చేరే మార్పుల్లో ఎక్కువ భాగం ఇంటెల్, గూగుల్, రెడ్ హ్యాట్ లాంటి కంపెనీల జీతగాళ్లు రాసేవే, వాళ్ల సర్వర్లు, ఫోన్లు నడవాలి గనక రాస్తున్నారు, మధ్యలో మనకు బాకీ ఏమిటి అని. మాట నిజమే. కానీ కృష్ణా డెల్టాలో కూర్చుని ఈ వాదన చేయడం కష్టం. 1832-33 గుంటూరు కరువులో జనం ఊళ్లకు ఊళ్లు చచ్చిపోయారు, శిస్తు వసూళ్లు కుప్పకూలాయి. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు, 1852-55 మధ్య, బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా మొదటి ఆనకట్ట కట్టించింది ఈస్టిండియా కంపెనీ. ఇంజనీరు ఆర్థర్ కాటన్ పట్టుబట్టాడు, చార్లెస్ ఓర్ దగ్గరుండి కట్టించాడు, కంపెనీ మాత్రం రాబడి లెక్క చూసుకునే డబ్బు పెట్టింది. 1957లో దాని స్థానంలోకి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇప్పుడు పై ఊరి రైతు, ఆనకట్ట కట్టినవాడు శిస్తు కోసం కట్టాడు గనక మాకేం బాకీ లేదంటూ కాలువలో పూడిక తీయడం మానేశాడనుకోండి. కంపెనీకి పోయేదేమీ లేదు, అది ఎప్పుడో పోయింది. నీళ్లందనిది దివిసీమలోనో బందరు పక్కనో ఉన్న చివరి ఆయకట్టుకు. ఇచ్చినవాడి బుద్ధి ఎలాంటిదన్న ప్రశ్న వాడి పుణ్యపాపాల లెక్కకు పనికొస్తుంది. పుచ్చుకున్నవాడి బాకీ కాలువ కింద ఉన్నవాడికి పడుతుంది; పైన ఉన్నవాడి మనసులో ఏముందన్నది ఆ లెక్కలోకి రానే రాదు.

ఇంతకన్నా ఇబ్బంది పెట్టే అభ్యంతరం ఒకటుంది. ఋషిఋణం పేరెత్తే సంప్రదాయమే చదువును కొందరి దగ్గర ఉంచి, స్త్రీలకూ శూద్రులకూ తలుపు మూసింది కదా, లేత్ మీద పనిచేసేవాడి ముందు ఆ మాటెందుకు? న్యాయమైన ప్రశ్నే, దీన్ని దాటవేసి ముందుకు పోకూడదు. తైత్తిరీయం బ్రాహ్మణుడనే అన్నది. శతపథ బ్రాహ్మణం అదే సంగతి చెబుతూ, ఉన్నవాడెవడైనా ఋణంతోనే పుడతాడంటుంది. మనుషులకు పడే ఋణాన్ని నాలుగోదిగా చేర్చి, అది అతిథికి అన్నం, బస ఇస్తే తీరుతుందంటుంది. మాట విశాలమైనదే. కానీ అదే చోట, చదువుకున్నవాణ్ని ఋషుల నిధికి కాపలాదారుగా చెబుతుంది. కాపలా అంటే పాడుకాకుండా చూసి అడిగినవాళ్లకు పంచడం కావచ్చు, తలుపుకు అడ్డంగా నిలబడటమూ కావచ్చు. చరిత్రలో ఎక్కువగా జరిగింది రెండోదే. కనక ఈ సంప్రదాయం నుంచి బాకీ ఏ దిక్కుగా నడవాలన్నది తీసుకోవాలి, ఆ బాకీ ఎవరెవరి మధ్య నడవాలన్న హద్దును తీసుకోకూడదు. ఆ హద్దు చెరిపినవాళ్లు ఈ నేల మీదే ఉన్నారు. విజయవాడకు ఎగువన అమరావతి స్తూపానికి పలకలు ఇచ్చినవాళ్లలో వర్తకులు, భిక్షుణులు, గృహిణులతో పాటు విధికుడనే చర్మకారుడున్నాడు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకునని చెప్పుకుని, తల్లిని, భార్యను, అన్నదమ్ములను, కొడుకును, కూతుళ్లను కలుపుకుని పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చానని రాయి మీద రాయించాడు. పేరు అతనిది, స్తూపం అందరిది. ఎన్నో శతాబ్దాల తర్వాత 1997లో డెబియన్ వాళ్లు తమ మార్గదర్శకాల్లో ఏ వ్యక్తి మీదా, ఏ వర్గం మీదా, ఏ పని మీదా లైసెన్సు వివక్ష చూపకూడదని రాసుకున్నారు. ఋషుల నిధికి కాపలాదారు ఎలా ఉండాలో శతపథం కన్నా ఆ రెండు నిబంధనలు తేటగా చెబుతున్నాయి.

ఇక సాయం చేసే కుర్రాడి సంగతి. లినక్స్ ఉచితం గనక అతని పనీ ఉచితమేనని అనుకోవడం మనవాళ్లకు అలవాటు. మనుస్మృతి జీతం పుచ్చుకుని చదువు చెప్పేవాణ్ని శ్రాద్ధానికి పిలవకూడనివాళ్ల జాబితాలో పెట్టింది. ఆ చిన్నచూపు చూసిన కాలంలో అగ్రహారాలున్నాయి, గురుదక్షిణలున్నాయి, శిష్యులు ఎత్తుకొచ్చే భిక్ష ఉంది. గది అద్దె, పెట్రోలు ఖర్చు ఉన్న కుర్రాడికి ఆ నీతి చెప్పడం మోసం. తోర్వాల్డ్స్ కూడా మొదట తన కెర్నెల్‌ను డబ్బుకు ఇవ్వకూడదనే షరతు పెట్టాడు. 1992లో దాన్ని తీసేసి జీపీఎల్‌కు మారాడు. డిస్కులు కాపీ చేసి పంచేవాడికి ఖర్చు రాకపోతే ఎవడు పంచుతాడు? ఆటోనగర్ దీనికి మంచి సాక్ష్యం. 1960లలో జవహర్ ఆటోనగర్‌గా మొదలైన ఈ చోట గేరుబాక్సు దించినా, కమాను కట్టలు మార్చినా, వెల్డింగ్ అతుకేసినా రేటు ఉంటుంది, ఎవరూ సిగ్గుపడరు. అదే షెడ్డులో హెల్పరుగా చేరినవాడు మొదట పానాలు అందిస్తాడు, నట్లు డీజిల్లో కడుగుతాడు, చూస్తూ చూస్తూ పని పట్టుకుంటాడు. మేస్త్రికి అతను తిరిగి చెల్లించేది దాదాపు ఉండదు. రేపు తన షెడ్డులో చేరిన కుర్రాడికి నేర్పుతాడు, లెక్క సరి. చివరి కిటుకు దాచుకునే మేస్త్రులూ ఉంటారు, ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు, అలాంటివాళ్ల గురించి ఎవరూ మంచిగా చెప్పరు. చేతి పనికి డబ్బు పుచ్చుకోవడం ధర్మమే. అడ్మిన్ పాస్‌వర్డు చెప్పకుండా దాచి, ప్రతి చిన్నదానికీ మళ్లీ తన దగ్గరికే రావాల్సినట్టు చేయడం అధర్మం. ఆ ఇంట్లో లినక్స్ ఎక్కించినా పెట్టింది కంచే.

పుచ్చుకునేవాడి వైపూ కొంత పని ఉంది. పొద్దున ఏడింటికి కొట్టు తీసి రాత్రి పదింటికి ఇల్లు చేరేవాడికి నేర్చుకో, నేర్పించు అని చెప్పడం చదువుకున్నవాళ్ల విలాసమని కొందరంటారు. దానం గురించి మాట్లాడేటప్పుడు పెద్దలు యథాశక్తి అనే మాటను వదలకుండా వాడింది ఇందుకే. కొలత చిన్నదైనా సరే, దిక్కు సరిగా ఉంటే చాలు. ఉదాహరణకు ప్రింటరు. మన జిరాక్సు షాపుల్లో, కొట్లలో విరివిగా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 తనకే సొంతమైన క్యాప్ట్ అనే భాషలో తప్ప మాట వినదు. లినక్స్‌కు కంపెనీ డ్రైవరు ఉన్నా దాని లోపల ఏముందో తెరవనివ్వలేదు, కొత్త వెర్షన్ల మీద అది మొరాయిస్తుంది. ఎవరెవరో ఔత్సాహికులు ఆ భాషను బయటినుంచి విని విని అర్థం చేసుకుని వేరే డ్రైవరు రాశారు. నలభై ఏళ్లకు ముందెప్పుడో ఎంఐటీలో మొదలైన ప్రింటరు గొడవ ఆటోనగర్ కొట్టులో ఇంకా ముగియలేదన్నమాట. ఆ డ్రైవరు తన కంప్యూటరులో ఏ వెర్షను మీద పనిచేసిందో, ఏ ఆదేశం తర్వాత కాగితం బయటికొచ్చిందో, ఎక్కడ ఏ ఎర్రర్ చూపిందో అక్షరం పొల్లుపోకుండా ఒక కాగితం మీద తెలుగులో రాసి పక్క కొట్టువాడికిచ్చినవాడు తన వంతు బాకీ తీర్చేసినట్టే. అడిగేటప్పుడు కూడా, కంప్యూటరు పని చేయట్లేదని ఊరుకోకుండా మోడలు పేరు, తెర మీద కనబడిన వాక్యం చూసి చెప్పడం ఎదుటివాడి కాలానికి ఇచ్చే మర్యాద. పెన్‌డ్రైవ్ మీద నుంచి లినక్స్‌ను ఎక్కించకుండానే నడిపి చూసే వీలుంది. వైఫై పట్టుకుంటోందా, సౌండు వస్తోందా అన్నది ఆ అరగంటలోనే తేలుతుంది. ఆ పరీక్ష చేయకుండా హార్డ్ డిస్కు తుడిపించేసుకుని తర్వాత లినక్స్‌ను తిట్టేవాళ్లను చూసి జాలిపడటం తప్ప చేసేదేమీ లేదు.

తెలుగు సంగతిలో బాకీ ఇంకా స్పష్టంగా కనబడుతుంది. డెబియన్‌లో, ఉబుంటులో దొరికే పోతన, వేమన ఖతులు తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసి అందరికీ ఇచ్చినవి. తన భాగవతాన్ని రాజుకు అంకితమివ్వలేదని మనం చెప్పుకునే కవి పేరు అలాంటి ఖతికి తగినదే. లోహిత్ తెలుగును రెడ్ హ్యాట్ ఇచ్చింది. సిలికానాంధ్ర స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసిన ఖతుల్లో మండలి ఒకటి.  హైదరాబాదు కేంద్రంగా నడిచే స్వేచ్ఛ సంస్థ మెనూలన్నీ తెలుగులో కనిపించే లినక్స్‌ను తయారు చేసింది. వీటిలో చాలామటుకు జీతం లేని సాయంత్రాల్లో జరిగిన పని. ఏదో ఒక మెనూలో తప్పు తెలుగు కనబడితే నవ్వుకుని ఇంగ్లీషుకు మారేవాడు, ఆ తప్పును సరిదిద్ది పంపేవాడు ఇద్దరూ వాడుకున్నది ఒకే సొత్తు.

లినక్స్ సరిపడని చోట్లున్నాయని ఒప్పుకోకపోతే ఇదంతా ప్రచారమైపోతుంది. కొట్టు లెక్కలు ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఉంటే అది విండోస్ మీద నడిచేలా చేసిందే. జీఎస్‌టీ పోర్టల్ బ్రౌజరులో తెరుచుకుంటుంది గానీ ఆడిటరుకు కావాల్సింది ట్యాలీ ఫైలు. అలాంటి కొట్టువాడు డబ్బు పెట్టి విండోస్, ట్యాలీ లైసెన్సులు కొనుక్కుంటే అందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. ఇచ్చినదానికి ధర కట్టి తీసుకున్నాడు, ఇద్దరి మధ్యా లెక్క అక్కడికక్కడే తెగింది. కొనుగోలు చేసిన వస్తువులో ఋషిఋణం ఉండదు, ఒక రకంగా అది హాయి. పిల్లల చదువుకు, ఇంటి వాడకానికి పాత పెట్టెలో లినక్స్, కొట్లో కొన్న విండోస్ అనే పద్ధతి చాలామందికి కుదురుతుంది.

అయితే కొనడం కూడా ఎప్పటికీ తీరే లెక్కగా ఉండనివ్వరన్న అనుమానం ఆటోనగర్‌లో ఇప్పటికే మొదలైంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక లారీ ఇంజను మీద కంప్యూటరు పెత్తనం ఇంకా పెరిగింది. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి యూరియా ద్రావణం పోయాలి. ఎక్కడో ఒక సెన్సారు మూగబోతే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, బండి బలం తగ్గిపోతుంది. చెవితో విని ఇంజను రోగం చెప్పగల మేస్త్రి కూడా స్కానరు పెట్టి కోడు చదవాలి. ఆ స్కానరులో కొన్ని తలుపులు కంపెనీ సర్వీసు సెంటరువాళ్లకే తెరుచుకుంటాయి. బండి కొన్నవాడిది, రోగం బండిది, రోగం పేరు మాత్రం కంపెనీ సొత్తు. లోపల ఏముందో చూడనిస్తారా అన్న లినక్స్‌వాళ్ల ప్రశ్నే రేపు బాడీ బిల్డింగ్ షెడ్డులోనూ అడగాల్సి వస్తుంది. కాలుష్యం తగ్గించే ఆ లెక్కల్ని ఎవరు పడితే వాళ్లు మార్చకూడదన్న కంపెనీల మాటలో బలం లేకపోలేదు. కానీ చదవనివ్వడం వేరు, మార్చనివ్వడం వేరు. చదివే హక్కు కూడా లేని చోట మేస్త్రికి మిగిలేది నట్లు బిగించడమే.

ఇలా చదవనివ్వని సొత్తుకు విజయవాడలో ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం ప్రచురణ రంగంలో ఉంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు, వచ్చాక కూడా చాలాకాలం, ఇక్కడి డీటీపీ ఆపరేటర్లు పేజ్‌మేకర్‌లో అను ఖతులతో వేల పుస్తకాలు కంపోజు చేశారు. ఆ ఫైళ్లలో ఉన్నది తెలుగు అక్షరాల ఆకారాలు, తెలుగు అక్షరాలు కావు. ఖతి లేని కంప్యూటరులో తెరిస్తే రోమను అక్షరాలు, విరామ చిహ్నాలు కలగాపులగంగా కనబడతాయి. వెతికితే మాట దొరకదు, ఫోనులోకి పంపితే చదవలేరు. ఆ పుస్తకాల రచయితల్లో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్లకు చెల్లించాల్సింది ఏమైనా ఉంటే ఆ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు ఎగిరిపోయిన చోట కూర్చుని సరిదిద్దడమే. మార్పిడి ప్రోగ్రాములను కొందరు రాసి ఊరికే ఇచ్చారు. అవి ఫైలు మొత్తాన్ని క్షణాల్లో మారుస్తాయి, తప్పులు మాత్రం మనిషే దిద్దాలి. ఒక నవలకు ఎన్ని సాయంత్రాలు పడతాయన్నది దిద్దేవాడి ఓపికను బట్టి ఉంటుంది.